చివరి కుళాయి దగ్గర కొలవాలి
(వార్డు నెలవారీ సమావేశంలో కౌన్సిలర్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ప్రతి నెలా ముందు కౌన్సిల్ సంగతులు, ఆ తర్వాత ఆరోగ్యం సంగతులు చెప్పుకుంటున్నాం. ఈసారి ముందు ఆరోగ్యమే. ఎందుకో మీకు తెలుసు. మన వార్డు చివరి సందులో వరసగా ఉన్న ఇళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ముగ్గురు పిల్లల్ని, ఒక పెద్దామెని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. నలుగురూ క్షేమంగా ఇంటికి వచ్చేశారు. ఇంకా కొందరు భయపడుతున్నారు కాబట్టి ముందు ఆ మాట చెబుతున్నాను.

అసలేం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, ఎందుకంటే ఇది ఆ ఒక్క సందు సంగతి కాదు. మొదటి ఇంట్లో పాపకి విరేచనాలు అయినప్పుడు ఏదో తిన్నది పడలేదులే అనుకున్నారు. మర్నాడు పక్కింట్లో. ఆ మర్నాడు ఎదురింట్లో కాదు, అదే వరసలో ఇంకో రెండిళ్ల అవతల. ఈ తేడాను మొదట గమనించింది మన ఆశా కార్యకర్త. ఆవిడ తన పుస్తకంలో ఇంటి నంబర్లు రాసుకుని, వాటి పక్కన చిన్న గీత గీసి నాకు చూపించింది. "చూడండి, ఇవన్నీ ఒకే పైపు మీదున్న ఇళ్లు. ఎదురు వరసకి నీళ్లు వేరే లైను నుంచి వస్తాయి. అక్కడ ఎవరికీ ఏమీ లేదు" అంది. డాక్టర్లకీ ఇంజినీర్లకీ కబురు వెళ్లకముందే సగం సంగతి ఆ పుస్తకంలో తేలిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకి ఫిట్టర్‌ని వెంటబెట్టుకుని, క్లోరిన్ పరీక్ష పెట్టె తీసుకుని బయల్దేరాం. మీలో చాలామంది ఆ పెట్టె చూసి ఉండరు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల చిన్న గాజు గొట్టాలు, మందు సీసా, రంగులు పోల్చి చూసుకునే పట్టీ ఉంటాయి. గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి నాలుగైదు చుక్కల మందు వేస్తే, నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఎంత చిక్కగా వస్తే అంత ఉన్నట్టు. ట్యాంకు కింద కుళాయి దగ్గర పట్టాం, మంచి పసుపు వచ్చింది. సందు మొదట్లో పట్టాం, కాస్త పల్చబడింది. మూల తిరిగి ఆఖరి ఇంటికి వెళ్లాం. ఆ ఇంటావిడ బిందె పక్కకి జరిపి గొట్టం నింపి ఇచ్చింది. చుక్కలు వేశాం. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఫిట్టర్ ఇంకో రెండు చుక్కలు వేశాడు. ఏ రంగూ లేదు.

ఆవిడ గొట్టాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "తేటగానే ఉన్నాయి కదా?" అంది. నిజమే, తేటగానే ఉన్నాయి. వాసన కూడా లేదు. అలాంటి నీళ్లను ఎవరైనా పిల్లలకి తాగిస్తారు కదా. అందుకే ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

తాగునీటికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. దాన్ని ఐఎస్ 10500 అంటారు. క్లోరిన్ కలిపిన నీరైతే, మనం పట్టుకునే చోట లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగిలి ఉండాలి అన్న మాట జాగ్రత్తగా వినండి. ట్యాంకులో ఎంత కలిపాం అన్నది లెక్క కాదు. క్లోరిన్ దారిలో ఎదురైన మురికితో, సూక్ష్మజీవులతో పోరాడుతూ ఖర్చయిపోతుంది. ట్యాంకు దగ్గర ఉండి, చివరి ఇంటి దగ్గర సున్నా అయిందంటే మధ్యలో ఎక్కడో దానికి చాలా పని పడిందన్నమాట.

ఎక్కడ పడిందో ఆ మూల దగ్గర తవ్వితే కనిపించింది. అక్కడ పైపు మురుగు కాలువలోంచి వెళ్తోంది. పక్కనుంచి కాదు, లోపల్నుంచే. జాయింటు దగ్గర పగులు ఉంది. ఇప్పుడు మీరు అడగచ్చు, పగులు ఉంటే నీళ్లు బయటికి కారిపోవాలి గానీ మురుగు లోపలికి ఎలా వస్తుందని. నీళ్లు వదిలినంతసేపూ మీరన్నట్టే జరుగుతుంది, లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి బయటికే కారుతుంది. కానీ మనకి నీళ్లు రోజంతా రావు. వాల్వు కట్టేయగానే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అవుతున్న పైపు పీలుస్తుంది. చుట్టూ మురుగు ఉంటే మురుగునే పీలుస్తుంది. మళ్లీ నీళ్లు వదలగానే అదంతా కలిసి చివరి ఇళ్లకి చేరుతుంది. దీనికి తోడు, కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది. నేను ఎవర్నీ వేలెత్తి చూపడం లేదు. నీళ్లు సన్నగా వస్తున్నాయనే కదా మోటారు పెట్టుకుంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీ మోటారు లాగే ఒక్కో బిందెతో పాటు పక్కింటి కుళాయిలోకి ఏం వెళ్తోందో ఒక్కసారి ఆలోచించండి. సంపు కట్టుకుని అందులోకి నీళ్లు వాటంతట అవే పడేలా చేసి, సంపులోంచి మోటారు వేసుకోండి. నేరుగా లైనుకి మాత్రం వద్దు.

ఇక్కడ ఒక మాట మీ అందరి ముందు చెప్పాలి. ఆ మూల దగ్గర లీకేజీ ఉందని ఇంతకు ముందే ఒకాయన ఫొటో తీసి నాకు పంపించారు. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. నేను దాన్ని కార్యాలయానికి పంపించి, పని అయిపోయిందనుకున్నాను. వెళ్లి చూడలేదు. వెళ్లి ఉంటే ఆ పైపు కాలువలో ఉందని ఆ రోజే కనిపించేది. అది నా తప్పు. ఆ నాలుగు కుటుంబాల ఇళ్లకీ వెళ్లి క్షమించమని అడిగాను, ఇప్పుడు మీ ముందు కూడా అడుగుతున్నాను.

ఆ పైపుని కాలువలోంచి తీసి పైకి, పక్కకి వేశారు. లైను కడిగి, ఎక్కువ మోతాదులో క్లోరిన్ పట్టించి, ఆ నీటిని వదిలేశాక మళ్లీ పరీక్ష చేశాం. ఈసారి ఆఖరి ఇంట్లో పసుపు వచ్చింది. అంతటితో ఊరుకోకుండా నీళ్లను ల్యాబ్‌కి పంపించాం. వంద మిల్లీలీటర్ల నీటిలో ఈ-కొలై అనే క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదని అదే ప్రమాణంలో ఉంది. ఈ-కొలై ఉందంటే నీళ్లలో మలం కలిసిందని అర్థం, ఇంకో అర్థం లేదు. మన శాంపిల్‌లో లేదని వచ్చింది.

(సభలో ఒకరు: ఇప్పుడు కాచి తాగాలా, అక్కర్లేదా?)

మంచి ప్రశ్న అమ్మా. వానాకాలం అయ్యేదాకా కాచి తాగండి. నీళ్లు కళపెళా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, గ్యాస్ అయిపోయేంత సేపు అక్కర్లేదు. చల్లారాక మూత పెట్టండి, చెయ్యి ముంచకుండా గరిటెతోనో, కుళాయి ఉన్న డబ్బాలోంచో తీసుకోండి. ఇంట్లో ఫిల్టర్ ఉంది కదా, మాకేమిటి అనుకునేవాళ్లకి కూడా చెబుతున్నాను. పళ్లు తోముకునే నీళ్లు, గిన్నెలు కడిగే నీళ్లు, పిల్లలు స్నానం చేస్తూ మింగే నీళ్లు అన్నీ ఆ కుళాయివే.

విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేది విరేచనం కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. అందుకే ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చింది. బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకు ముందు వందకి 30 మంది దాకా చనిపోతుంటే, ఆ నీళ్లతో అది నాలుగులోపుకి పడిపోయింది. సూది లేదు, సెలైన్ లేదు, పక్కన కూర్చుని గ్లాసు పట్టుకునే మనిషి ఉంటే చాలు. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈ రోజు అదే ప్యాకెట్టు మన ఆశా కార్యకర్త సంచిలో ఉంటుంది. ప్యాకెట్టు మీద ఎంత నీటిలో కలపమని ఉంటే అంతలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి. పిల్లవాడు చిన్నవాడు కదా అని సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి కలపకండి, ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది 24 గంటల్లో వాడేసి మిగిలింది పారబోయండి. పిల్లలకి దాంతో పాటు జింక్ మాత్రలు ఇస్తారు, 14 రోజులు పూర్తిగా వేయాలి, విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపేయకూడదు. తల్లిపాలు తాగే పిల్లలకి పాలు మాన్పించకండి. మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మలంలో రక్తం పడినా, పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా ఇంట్లో చూద్దాంలే అనుకోకుండా తీసుకెళ్లండి.

ఇప్పుడు కౌన్సిల్‌లో ఏం జరిగిందో చెబుతాను.

ఇన్నాళ్లూ నీటి పరీక్ష ట్యాంకు దగ్గర చేసి, సరిపోయిందని రిజిస్టర్‌లో రాస్తున్నారు. రాసింది అబద్ధం కాదు, ట్యాంకు దగ్గర సరిపోతోంది. కానీ ట్యాంకు దగ్గర ఎవరూ నీళ్లు తాగరు కదా. అందుకని నేనొక తీర్మానం పెట్టాను. ప్రతి వార్డులో, ప్రతి లైనులో, ఆఖరి కుళాయి దగ్గర పరీక్ష చేయాలి, ఏ ఇంటి దగ్గర చేశారో, ఎంత వచ్చిందో రాయాలి, ఆ ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. ఆ తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. అన్ని పార్టీల సభ్యులూ మద్దతు ఇచ్చారు, వాళ్లందరికీ ఇక్కణ్ణుంచి కృతజ్ఞతలు చెబుతున్నాను. రెండోది, కాలువల్లోంచి వెళ్తున్న పైపులన్నీ గుర్తించి బయటికి తీయడానికి విడిగా నిధులు పెట్టాలని అడిగాను. గుర్తించడానికి ఒప్పుకున్నారు. నిధులు మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. నేను ఒప్పుకోలేదు, నా అసమ్మతి మినిట్స్‌లో రాయించాను. గుర్తించి వదిలేస్తే లాభం ఏమిటి? కాలువలో పైపు ఉందని తెలిసి కూడా వానాకాలం గడిపేయమంటే నా వల్ల కాదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.

కౌన్సిల్ అంటే రోడ్లు, వీధి దీపాలు కదా, రోగాలు ఆసుపత్రి పని కదా అని మొన్న ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన కూడా ఇక్కడే ఉన్నారు, నమస్కారం అండీ. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మనలాంటి పట్టణ సంస్థలకి రాజ్యాంగంలో చోటు ఇచ్చింది. పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాశారు. అందులో నీటి సరఫరా ఉంది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ ఉన్నాయి. ఆసుపత్రి రోగం వచ్చాక చూస్తుంది. రాకుండా చూడాల్సింది మనమే, మన కౌన్సిలే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల కలరా వచ్చి కొద్ది రోజుల్లో 600 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో రోగం చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయిన వాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో చూస్తే, దాదాపు అన్నీ ఒక నీళ్ల పంపు చుట్టూ ఉన్నాయి. ఆయన ఆ పేట పాలక మండలి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాడు. వాళ్లు పూర్తిగా నమ్మలేదు. అయినా మర్నాడు, సెప్టెంబర్ 8న, ఆ పంపు హ్యాండిల్ తీసేయించారు. కలరా అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, జనం చాలామంది ఆ పేట వదిలి వెళ్లిపోయారనీ స్నో తనే రాశాడు, కాబట్టి హ్యాండిల్ తీయగానే అంతా ఆగిపోయిందని నేను చెప్పను. తర్వాత తవ్వి చూస్తే, రోగం వచ్చిన పసిబిడ్డ బట్టలు ఉతికిన నీళ్లు పోసిన గుంట ఆ బావికి ఆనుకునే ఉంది. కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ అనే జర్మనీ డాక్టరు గుర్తించి లోకానికి చెప్పేసరికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. అంటే, క్రిమి పేరు తెలియకపోయినా ఆ మండలి చేయాల్సిన పని చేసింది. మన ఆశా కార్యకర్త గీసిన గీత చూసినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది. ఆవిడ పేరు చెబితే ఇబ్బంది పడుతుంది, అందుకే చెప్పడం లేదు గానీ, ఒక్కసారి చప్పట్లు కొట్టండి.

(చప్పట్లు)

ఇక డెంగీ. చాలామంది "ఫాగింగ్ ఎప్పుడు చేయిస్తారు" అని ఫోన్ చేస్తున్నారు. చేయిస్తాను. కేసు వచ్చిన ఇంటి చుట్టుపక్కల అది అవసరమే. కానీ పొగ పట్టిన వీధిని చూసి మనసు కుదుటపడటం వేరు, దోమలు తగ్గడం వేరు. ఆ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది, అది కూడా పొగ తగిలిన వాటినే. డెంగీ దోమ, ఏడిస్ అంటారు దాన్ని, ఇంట్లో మంచం కింద, బట్టల వెనక, తలుపు మూల దాక్కుంటుంది. అక్కడికి పొగ వెళ్లదు. తొట్టి గోడకి అంటుకున్న గుడ్లకి, నీళ్లలో ఉన్న పురుగులకి ఆ పొగ వల్ల ఏమీ కాదు. వారం తిరగకుండానే వాటిలోంచి కొత్త దోమలు వస్తాయి.

పోయిన వారం ఒక ఇంటికి సిబ్బందితో కలిసి వెళ్లాను. ఇల్లు అద్దంలా ఉంది. ఆ ఇంటామె "మా ఇంట్లో దోమలు ఉండవు" అంది, మా ముందే తొట్టి కూడా ఖాళీగా ఉందని చూపించింది. సిబ్బందిలో ఒకమ్మాయి ఫ్రిజ్ వెనక ట్రే లాగింది. అందులో రెండు వేళ్ల మందం నీళ్లు. టార్చి వేస్తే నీళ్లలో సన్నటి దారం ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ కిందికి మునుగుతున్నాయి. అవే లార్వాలు. ఆ ఇంటామె నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. నేనూ అంతే. ఆ రోజు ఇంటికి వెళ్లి మొదట మా ఫ్రిజ్ ట్రేనే లాగాను.

ఏడిస్‌కి మురుగు నీళ్లు అక్కర్లేదు, మనం దాచుకున్న మంచినీళ్లే కావాలి. డ్రమ్ము, కూలర్, పూలకుండీ కింద పళ్లెం, మేడ మీద పారేసిన టైరు, సగం కొబ్బరి చిప్ప ఏదైనా చాలు. గుడ్డు నుంచి దోమ అవడానికి మన వాతావరణంలో సుమారు వారం పది రోజులు. అందుకే వారానికి ఒక్క రోజు అన్నీ వంచి ఆరబెట్టమని డ్రై డే పెట్టారు. కానీ వంచితే సరిపోదు, ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఈ దోమ గుడ్లు నీళ్లలో వేయదు. నీటి అంచుకి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి ఎండిపోయి అలాగే నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ నీళ్లు పట్టగానే పగులుతాయి. కాబట్టి లోపలి గోడని పీచుతో గట్టిగా రుద్దండి. వారానికోసారి వంచి, రుద్ది, ఆరబెట్టి, మూత పెట్టాలి. మూత కూడా బిగుతుగా ఉండాలి, పైన పలక పెట్టి పక్కన సందు వదిలితే దోమ దారి వెతుక్కుంటుంది.

ఇది పగలు కుట్టే దోమ. పిల్లల్ని బడికి పంపేటప్పుడు చేతులు కాళ్లు కప్పే బట్టలు వేయండి. పగటిపూట నిద్రపోయే పసిపిల్లలకి కూడా దోమతెర కట్టండి. దోమల వల్ల రోగాలు వస్తాయన్న సంగతి రుజువు కావడంలో మన సికింద్రాబాద్‌కి పెద్ద చోటు ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే డాక్టరు అక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఏటా ఆ తేదీన ప్రపంచ దోమల దినం జరుపుకుంటారు.

జ్వరం వస్తే ఏం చేయాలి? పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా సొంతంగా వేసుకోకండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత అయితే ఐజీఎం పరీక్ష చేస్తారు. ఇంకో మాట, దీన్ని ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. డెంగీలో అసలు జాగ్రత్తగా ఉండాల్సింది జ్వరం తగ్గిన రోజు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, సరిగ్గా అప్పుడే కొందరికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, విపరీతమైన నీరసం ఉంటే రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయన్న అంకె ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడకండి. ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరు మొత్తం పరిస్థితి చూసి తేల్చాలి. మీరు చూడాల్సినవి ఇప్పుడు చెప్పిన లక్షణాలు.

చట్టాల గురించి ఈ నెల మూడు సంగతులు.

మొదటిది చిన్నది. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికి, ఓటర్ల జాబితాకి, డ్రైవింగ్ లైసెన్సుకి, పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ, చోటు రుజువు జనన ధ్రువపత్రమే. 21 రోజుల్లో నమోదు చేయించండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి, ఆ తిరుగుడు ఎందుకు? అలాగే ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే, మరణానికి కారణం రాసిన పత్రం రిజిస్ట్రారుకి పంపి, దగ్గరి బంధువుకి ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దుఃఖంలో ఎవరూ అడగరు. కానీ అడగండి. ఏ వీధిలో ఏ కారణంతో మనుషులు పోతున్నారో తెలిస్తేనే మనం ముందు జాగ్రత్త పడగలం.

రెండోది కుక్క కాటు. కాటు పడగానే పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకండి, కట్టు కట్టకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకుని కడగండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. గాటు లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి, ఉందా అని అడగండి. టీకా మొదటి డోసుతో ఆపేయద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. కుక్కల్ని పట్టుకెళ్లి ఎక్కడో వదిలేయమని కొందరు అడుగుతున్నారు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవి, ఉందన్న అనుమానం ఉన్నవి, మనుషుల మీద పడి కరిచేవి వేరు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పి, వార్డుల్లో కుక్కలకి తిండి పెట్టడానికి విడిగా చోట్లు చూపించాలంది. మన వార్డులో ఆ చోటు ఎక్కడ ఉండాలో మీరే చెప్పండి, పిల్లలు తిరిగే దారిలో మాత్రం వద్దు.

మూడోది, అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఈ నెలలోనే మన వార్డులో ఒక ఇంటి ముందు సెప్టిక్ ట్యాంకు మూత తెరిచి ఉంది. ఒక కుర్రాడు చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. ఆ చొక్కాని నీట్‌గా మడతపెట్టి గోడ మీద పెట్టుకున్నాడు. నేను ఆపితే, "ఏం కాదు, తాడు ఉంది కదా" అన్నాడు. తాడు మనిషిని పైకి లాగడానికి పనికొస్తుందేమో, ఊపిరికి పనికిరాదు. ఆ ట్యాంకుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకి వాసన తెలియడమే ఆగిపోతుంది, వాసన లేదు కదా అని దిగుతారు, రెండు ఊపిర్లలో పడిపోతారు. పైనున్నవాడు రక్షించబోయి దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారని వార్తల్లో వస్తుంది చూడండి, అది ఇలాగే.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం, ఏడో సెక్షన్‌లో మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు, మురుగు కాలువలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి పరిహారాన్ని 30 లక్షలకి పెంచింది. పరిహారం రావాలి, నిజమే. కానీ ఆ కుర్రాడికి ఇల్లు ఉంది, ఇంట్లో ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. ఈ పనివాళ్ల కోసం పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు దశాబ్దాలుగా దేశమంతా తిరిగి చెబుతున్నది ఈ మాటే, ఈ చావులు ఆపండి అని. ఆ ఇంటి యజమాని చెడ్డవాడు కాదు. "యంత్రం రావడానికి ఆలస్యం అవుతుందన్నారు, అందుకే పిలిచాను" అన్నాడు. ఆ ఆలస్యం మన కౌన్సిల్ సమస్య. పైపుతో పీల్చే ట్యాంకర్ కోసం పేరు రాయించుకున్నవాళ్ల వరస ఎంతుందో, ఎన్ని రోజులు పడుతోందో ప్రతి సమావేశంలో చెప్పాలని అడిగాను. వచ్చే నెల ఆ అంకె ఇక్కడే మీకు చదివి వినిపిస్తాను. ఈలోగా ఎవరి ఇంట్లోనైనా ట్యాంకు నిండి ఇబ్బందిగా ఉంటే అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చేయండి, మనిషిని మాత్రం దింపకండి.

అలాగే చెత్త. వాడిన ప్యాడ్లు, డైపర్లు చుట్టి విడిగా ఇవ్వాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. చెత్త బండి దగ్గర నిలబడి చూడండి, చేతులతో ఏరుతున్నది ఎవరో, ఏం ఏరుతున్నారో. రోజూ మన గుమ్మం ముందుకి వచ్చే మనుషులు వాళ్లు.

(సభలో ఒకరు: ఆఖరి కుళాయి పరీక్ష మా వీధిలో ఎప్పుడు చేస్తారు?)

ఈ వారం నుంచే మొదలు. రోజూ నీళ్లు వదిలే వేళకి ఒక్కో లైను చూస్తాం. ఏ రోజు ఏ వీధో కాగితం మీద రాసి బయట బోర్డుకి అంటించాం, వెళ్లేటప్పుడు చూసుకోండి. మీ వీధి ఆఖరి ఇల్లు ఎవరిదో వాళ్లకి చెప్పి ఉంచండి, తలుపు తీసి కుళాయి చూపించాలి కదా. గొట్టంలో చుక్కలు మీరే వేయండి, రంగు మీరే చూడండి, రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. రంగు రాకపోతే సంతకం పెట్టకండి, నన్ను పిలవండి. ఫొటో పంపినా సరే, ఈసారి నేనే వచ్చి చూస్తాను. రేపు తెల్లవారుజామున మొదటి పరీక్ష మళ్లీ ఆ సందులోనే, ఆ ఆఖరి ఇంట్లోనే. ఆ ఇంటావిడ బిందె పెట్టుకుని సిద్ధంగా ఉంటానంది. రావాలనుకున్నవాళ్లు ట్యాంకు దగ్గరికి వచ్చేయండి, అక్కణ్ణుంచి కలిసి నడిచి వెళ్దాం.